ట్యాంకు మీది మనిషి: ఒక గాఢ అధ్యయనం

వీధి చివరి పఠన మందిరం సభ్యులు ఒక అమెరికా నవలను గాఢంగా అధ్యయనం చేసి ముగించారనీ, ఈ మహత్కార్యంలో సభ్యులెవరికీ చిన్న గాయమైనా కాలేదనీ ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. నవలకు అయిన గాయాల గురించి ఒక ఉపసంఘం విచారిస్తోంది. ఉపసంఘంలో ఉన్నది ఆ గాయాలు చేసినవాళ్లే కాబట్టి వివరాలకు కొదవ ఉండదు.

పఠన మందిరం అంటే ఏ పాలరాతి భవనమో అనుకునేరు. కింద సైకిళ్ల కొట్టు. దాని నెత్తిన ఒక పొడుగాటి గది. ఆ గది నెత్తిన డాబా. డాబా మీద నాలుగు ఎత్తయిన స్తంభాల మీద నిలబెట్టిన నీళ్ల ట్యాంకు. ఆ ట్యాంకు కారుతుంది. కారిన నీరు కప్పు పగుల్లోంచి సరిగ్గా అధ్యక్షులవారి కుర్చీ మీద పడుతుంది. కుర్చీ ఒక మూర పక్కకు జరిపితే పోలా అని మీరంటారు. నియమావళి చదవని వాళ్లందరూ అలాగే అంటారు. అధ్యక్ష పీఠాన్ని జరపాలంటే సర్వసభ్య సమావేశం కావాలి. ఆ సమావేశం అయ్యేంతవరకూ అధ్యక్షులవారు ఆ కుర్చీలోనే కూర్చోవాలి. మొదటి పది నిమిషాల్లోనే ఆయనకు తుమ్ములు పట్టుకుని సమావేశం వాయిదా పడుతుంది. అంచేత ఆయన గొడుగు వేసుకుని అధ్యక్షత వహించడం అలవాటు చేసుకున్నారు. చూసేవాళ్లకు కూడా ఇప్పుడు గొడుగు లేకపోతే ఆయన అధ్యక్షుడిలా కనిపించడు.

ఇక అక్కడ పేపరు చదివే పద్ధతి చెప్పకపోతే మిగతా కథ ఎవరికీ అర్థం కాదు. మందిరానికి వచ్చేది ఒకే పేపరు. చదివేది అయిదుగురు. పొద్దున్నే పేపరు రాగానే షీట్లు విడదీసి ఎవరిది వాళ్లు తీసుకుంటారు. పై షీటు, అంటే మొదటి పేజీ, దానితోపాటు వచ్చే చివరి పేజీ, అధ్యక్షులవారివి. ఆయన కరెంటు ఆఫీసులో పెద్ద హోదాలో చేసి రిటైరయ్యారు కాబట్టి పెద్ద అక్షరాలే చదువుతారు. చివరి పేజీలో ఆటల వార్తలుంటాయి. ఆటలంటే ఆయనకు గిట్టదు. అటువైపు తిప్పనైనా తిప్పరు. పదకేళి ఉన్న షీటు పళ్ల డాక్టరుది. స్థలాల ప్రకటనల షీటు ఇళ్ల బ్రోకరుది. ఎవరెవరు పోయారో వేసే షీటు బీమా ఏజెంటుది. వాతావరణం షీటు లిఫ్ట్ బాబాయిది.

లిఫ్ట్ బాబాయి అంటే ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు మూలన స్టూలు మీద కూర్చుని, జనాన్ని ఎక్కిస్తూ దించుతూ ఉద్యోగమంతా గడిపిన మనిషి. లిఫ్టులో నిలబడ్డవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూడలేక వాతావరణం గురించే మాట్లాడుకుంటారు. వాళ్లకు జవాబు చెప్పడం కోసం మొదలైన అలవాటు ఆయనకు రిటైరయ్యాకా పోలేదు.

ఈ పద్ధతి వల్ల లాభం చాలా ఉంది. మొదటి పేజీలో ఏ పెద్ద వార్త అయినా సగం దాకా వచ్చి 'తరువాయి ఏడవ పేజీలో' అని ఆగిపోతుంది. ఏడవ పేజీ బ్రోకరు దగ్గర ఉంటుంది. ఫలానా ఆయనను అరెస్టు చేశారని అధ్యక్షులవారికి తెలుసు, ఎందుకు చేశారో తెలియదు. ఎందుకు చేశారో బ్రోకరుకు తెలుసు, ఎవరిని చేశారో తెలియదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. ఒకరి షీటు సంగతి ఇంకొకరు అడగడం మర్యాద కాదు. అందుకే ఆ మందిరంలో ఏనాడూ ఒక్క గొడవ జరగలేదు.

ఇలా హాయిగా ఉన్నవాళ్లకు నవల ఎందుకు అంటారా. అవతలి వీధి యువజన సంఘం వాళ్లు మూడువందల పేజీల నవల ఒకటి అధ్యయనం చేసి షీల్డు గెలుచుకున్నారు. ఆ షీల్డును రోజూ అధ్యక్షులవారు నడిచే దారిలో కిటికీలో పెట్టారు. ఆయన ఒక వారం దారి మార్చి నడిచి చూశారు. మోకాళ్లు నొప్పి పుట్టి పుస్తకాల కొట్టుకు వెళ్లారు.

"మీ దగ్గర అన్నిటికన్నా లావైనది, ఎవరికీ అర్థం కానిది ఇవ్వండి."

కొట్టతను వెనక గదిలోకి వెళ్లి రెండు చేతులతో మోసుకొచ్చాడు. "అమెరికా నవల సార్. దీన్ని కొన్నవాళ్లెవరూ బాగాలేదని వెనక్కి తేలేదు."

"చదివారా?"

"అది వేరే సంగతి సార్."

నవల పేరు అట్ట మీద అచ్చు వేసి, దాని మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది. ముందు అచ్చుతప్పు అనుకున్నారు గానీ అది రచయిత ఉద్దేశమట. దాన్ని మన భాషలోకి దించినాయన ఆ తరువాత మనుషులతో మాటలు మానేసి తేనెటీగలు పెంచుకుంటున్నాడని లోపలి అట్ట మీద రాసి ఉంది. నవలలో ఒక అధ్యాయం తలకిందులుగా ఉంది. ఒక అధ్యాయంలో ఫ్రిజ్ చేసే చప్పుళ్లు తప్ప ఇంకేమీ లేవు. కొన్ని పేజీలు బొత్తిగా ఖాళీ. కథ అయిపోయాక రావలసిన వివరణలన్నీ చివరి అధ్యాయానికి ముందే వచ్చేశాయి. ఇటువంటిదాన్ని ఆధునికోత్తరం అంటారని అధ్యక్షులవారు ప్రకటించారు.

"అంటే ఏమిటండీ?" అన్నాడు లిఫ్ట్ బాబాయి.

"ఆధునికం అయిపోయాక వచ్చేది."

"అయిపోయాక ఏమొస్తుందండీ?"

"ఇదిగో, ఇదే," అని ఆయన పుస్తకం చూపించారు.

పుస్తకం ఒక్కటే, అధ్యేతలు అయిదుగురు. రెండోది కొందామన్న మాట ఎవరి నోటా రాలేదు. పేపరుకు ఏ పద్ధతో నవలకూ అదే పద్ధతి అని ఏకగ్రీవంగా తీర్మానించారు. విడదీసే పని పళ్ల డాక్టరు చేపట్టాడు. చేతులు కడుక్కుని, చాకును వేడినీళ్లలో ముంచి తీసి, పుస్తకం వీపు మీద వేలితో తట్టి, "కొంచెం జివ్వుమంటుంది, అంతే, పెద్దగా తెరువు" అని దానికి చెప్పి, ఆరు ముక్కలుగా ఊడబెరికాడు. ఒక్క కాగితం చిరగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఊడిన చోట దూది పెట్టబోతే వద్దన్నారు.

షీట్ల లెక్కనే భాగాలు పంచుకున్నారు. మొదటి ముక్కా చివరి ముక్కా అధ్యక్షులవారివి. ఖాళీ పేజీలున్న ముక్క డాక్టరుది. దాని తరువాతది బాబాయిది, ఆ తరువాతది బ్రోకరుది. వివరణల ముక్క బీమా ఏజెంటుది. ఒకరి ముక్క ఒకరు అడగరాదనీ, అన్నీ సదస్సు రోజునే కలవాలనీ నియమం పెట్టుకున్నారు.

లిఫ్ట్ బాబాయి తన ముక్కను గుడ్డ సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. ఆయన భార్యను వీధిలో అందరూ లిఫ్ట్ పిన్ని అంటారు. ఆవిడ లిఫ్టు ఎక్కిన పాపాన పోలేదు, అయినా పేరు పడిపోయింది. బాబాయికి మనసులో చదువుకోవడం రాదు, గొంతెత్తి చదివితేగానీ బుర్రకెక్కదు. పిన్ని దుప్పట్లు మడత పెడుతూ వినేది. మొదట్లో చెవిన వేసుకోలేదు గానీ, మూడో రోజుకు మడత పెట్టిన దుప్పటే మళ్లీ విప్పి మడత పెడుతోంది.

కథ ఏమిటంటే, ఒక పెద్ద ఊళ్లో ఒక మేడ. ఆ మేడలో ఉండే ఒకాయనకు కుళాయి నీళ్లు తుప్పు వాసన వేశాయి. ఏమిటా అని నిచ్చెన వేసుకుని నీళ్ల ట్యాంకు మీదికి ఎక్కాడు. ఈలోగా రంగులు వేసేవాడు వచ్చి, నిచ్చెన ఖాళీగా ఉంది కదా అని పట్టుకుపోయాడు. అంతే. ఇక పేజీల మీద పేజీలు ఆ మనిషి ట్యాంకు మీదే ఉన్నాడు. ఉండి, పుట్టిన దగ్గర్నుంచీ తన చొక్కాలకు ఊడిపోయిన గుండీలన్నీ వరసగా గుర్తు తెచ్చుకున్నాడు.

"గుండీలు పోతే పోయాయి, ముందు ఆ అబ్బాయిని దిగమనండి," అంది పిన్ని.

"దిగడానికి నిచ్చెన లేదే."

"అరిచి పిలవమనండి ఎవర్నయినా."

బాబాయి ముందుకు చదివాడు. ఆ మనిషి అరవలేదు. దానికి బదులు రచయితే కథలోకి వచ్చి, ట్యాంకు మీద అతని పక్కన కూర్చుని, నిన్ను ఇక్కడికి ఎందుకు ఎక్కించానో నాకే మరుపు వచ్చింది, క్షమించు అని చెప్పి వెళ్లిపోయాడు.

పిన్నికి ఒళ్లు మండిపోయింది. "ఆ రాసేవాడు ట్యాంకు దాకా వచ్చాడు కదా. వస్తూ వస్తూ ఒక నిచ్చెన తేలేకపోయాడూ? పైగా తను ఎలా దిగాడట?"

ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా ఏ పండితుడూ జవాబు చెప్పలేదు.

బాబాయి ముక్క ఇలా ముగిసింది: 'ఎండ వాలింది. అతను మెల్లగా వంగి కిందికి చూసి'

"చూసి?" అంది పిన్ని.

"చూసి, అంతే. మిగతాది బ్రోకరు దగ్గరుంది."

"దూకాడా ఏమిటండీ కొంపదీసి?"

బాబాయి ముక్కను మళ్లీ సంచిలో పెట్టాడు. ఆయన బాధ వేరు. సర్వీసు మొత్తం మీద పైకి తీసుకెళ్లిన మనిషిని కిందికి తేకుండా ఆయన ఒక్క సాయంత్రం కూడా స్టూలు మీంచి లేవలేదు. పై అంతస్తులో ఎవరైనా ఉండిపోతే వాళ్ల పని తెమిలేదాకా కూర్చునేవాడు. ఇప్పుడు ఒకణ్ణి, తన నోటితో చదివి, తన ఇంట్లోనే, పైన వదిలేసినట్టయింది.

ఆ మర్నాటి నుంచీ ఇంట్లో ఒకటే మాట. బాబాయి చెప్పులు విప్పుతుండగానే, టీ ఇంకా ఇవ్వకుండానే, "దిగాడా?" అనేది పిన్ని. లేదంటే ఆ టీ చల్లారిపోయి వచ్చేది. వాన పడితే "తడిసి ముద్దవుతాడు" అని కిటికీ దగ్గర నిలబడేది. పిన్ని నోట పడ్డాక వీధికి తెలియడం ఎంతసేపు. కుట్టుపని చేసే వదినగారు గుడ్డ కొలుస్తూ "ఏమైనా తెలిసిందా వదినా?" అనేది. ఇస్త్రీ చేసే మరిదిగారు పెట్టె పైకెత్తి పట్టుకుని "ఇంకా పైనే ఉన్నాడా పాపం?" అనేవాడు. రెండు చొక్కాలు కాలాయి. వీధిలో సగం మంది అతను ఎవరో పిన్ని తరఫు చుట్టం అనుకున్నారు.

చివరికి బాబాయి మర్యాద గట్టున పెట్టి బ్రోకరు ఇంటికి వెళ్లాడు.

"అడక్కూడదని తెలుసు. ఒక్క మాట చెప్పు అబ్బాయ్. ఆ ట్యాంకు మీది మనిషి దిగాడా?"

బ్రోకరు ముఖం వికసించింది. "భలే మేడ బాబాయ్ అది. అయిదు అంతస్తులు, గాలీ వెలుతురూ బ్రహ్మాండం. ట్యాంకు కూడా పెద్దది. నేనొక పార్టీకి చెప్పాను కూడా. వాళ్లు చూడటానికి ఎప్పుడు రావాలంటున్నారు."

"మేడ సంగతి కాదు. మనిషి."

"మనిషా? అద్దెకున్నవాళ్ల గురించి నేను చదవలేదు బాబాయ్. ఇళ్లున్న చోట గీత పెట్టుకుంటూ పోయాను."

"మరి ఆ పేజీలు ఒకసారి ఇస్తావా?"

"ఆ పార్టీకి పంపించానుగా. ఇల్లు నచ్చితేగానీ తిరిగి ఇవ్వరు."

అక్కణ్ణుంచి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు తన ముక్క గర్వంగా తెరిచి చూపించాడు. ఖాళీ పేజీలు ఒక్కటీ ఖాళీగా లేవు. "ఊడినచోటు అలాగే వదిలేస్తే పక్కవి వాలిపోతాయి బాబాయ్. అందుకని నింపేశాను." వేటితో నింపాడంటే, పోయిన నెల పదకేళి జవాబులతో. మనిషి గురించి అడిగితే, నోరు తెరిచి మాట్లాడకుండా కూర్చున్నవాళ్లంటే తనకు గౌరవమేనని, అంతకు మించి తెలియదని చెప్పాడు.

బీమా ఏజెంటు ఒక్కడే కాస్త ధైర్యం చెప్పాడు. "నా ముక్కలో పోయినవాళ్లు బోలెడుమంది బాబాయ్. అందరివీ రాసుకున్నాను, పాలసీ ఉండాల్సిన మనుషులు. మీవాడు మాత్రం అందులో లేడు." ఆపైన ఒక వివరణ వెతికి చదివి వినిపించాడు: 'ట్యాంకు మీది వ్యక్తి దిగాడా లేదా అన్నది చివరి పేజీలో తేలుతుంది.'

ఆ సాయంత్రం బాబాయికి వేడి టీ దొరికింది. "చావలేదు కదా, అంతే చాలు," అంది పిన్ని. మళ్లీ కాసేపటికి, "చివరి పేజీ ఎవరి దగ్గరుందండీ?" అంది.

చివరి పేజీ గొడుగు కింద ఉంది.

బాబాయి అడిగినప్పుడు అధ్యక్షులవారు కోప్పడలేదు. జాలిపడ్డారు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని ఇలా సెలవిచ్చారు. "చూడు బాబాయ్, తరువాత ఏమైంది అని అడగడం చిన్నపిల్లల లక్షణం. ఉత్తమ సాహిత్యంలో తరువాత అనేది ఉండదు. ఈ నవలలో ఏమీ జరగదు. జరగకపోవడమే ఇందులో జరుగుతుంది. అతను దిగాడా అని కాదు మనం అడగవలసింది. దిగడం అంటే ఏమిటి? కింద అనేది అసలు ఉందా? ఈ ప్రశ్నలతో నువ్వు కుస్తీ పట్టాలి."

"కింద అనేది ఉందండీ," అన్నాడు బాబాయి. "నేను రోజుకు ఎన్నిసార్లో వెళ్లేవాణ్ణి."

"సదస్సులో చూద్దాం," అన్నారు అధ్యక్షులవారు.

సదస్సుకు పక్క ఊరి నుంచి ఒక ప్రొఫెసరుగారిని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆయన అమెరికా నవలల మీద ఎంత లోతైన పండితుడంటే, ఆయన రాసిన పుస్తకాలు చదివినవాళ్లు తరువాత ఇంక ఆ నవలల జోలికి వెళ్లరు. అంతటివాడు అధ్యక్షులవారి పక్కన కూర్చుంటే ఆయన మీదా నీళ్లు పడతాయి కదా. ఇద్దరికీ ఒకే గొడుగు బాగుండదు. అందుకని ట్యాంకు బాగుచేయడానికి ఆ పొద్దున్నే ప్లంబరును పిలిచారు. అతను డాబా మీదికి వెళ్లి, మందిరానికి ఉన్న ఒకే ఒక్క నిచ్చెన వేసుకుని పనిలో దిగాడు. అది అతని పని, మనకు అక్కరలేదు.

ఇక్కడ అసలు పని బ్యానరు. గోడకు మేకులు లేవు. బ్యానరు ఒక కొస కిటికీ ఊచకు కట్టారు, రెండో కొసకు ఏమీ దొరకలేదు. పళ్ల డాక్టరు డాబా మీదికి వెళ్లి, అక్కడ ట్యాంకుకు ఆనించి ఊరికే నిలబడి ఉన్న నిచ్చెన తెచ్చాడు. దాన్ని వేదిక పక్కన నిలబెట్టి బ్యానరు కట్టారు. 'అమెరికా నవల: గాఢ అధ్యయన సదస్సు' అని ఎర్ర అక్షరాలు చక్కగా విచ్చుకున్నాయి.

సభ మొదలయ్యేసరికి నీళ్లు కారడం ఆగిపోయింది. అధ్యక్షులవారు లేచి నిలబడి గొడుగు మూశారు. అలాంటి దృశ్యం చూస్తామనుకోని సభ్యులు కళ్లు ఒత్తుకున్నారు. వెనక బెంచీల మీద పిన్ని, కుట్టుపని వదినగారు, ఇస్త్రీ మరిదిగారు, ఇంకా వీధిలో సగం మంది కూర్చున్నారు. వాళ్లు సాహిత్యం కోసం రాలేదు, ఒక్క కబురు కోసం వచ్చారు.

పత్ర సమర్పణ దివ్యంగా సాగింది. 'నవలలో నివాసయోగ్యత' అని బ్రోకరు చదివాడు. 'ఖాళీలను పూరించిన తీరు' అని డాక్టరు చదివాడు, ఎవరు పూరించారో చెప్పకుండా. 'పాత్రల మరణాలు, వాటి ముందుచూపు లేమి' అని ఏజెంటు చదివి, సభలో ఉన్నవాళ్ల వయసులు అడిగాడు. వింటున్న ప్రొఫెసరుగారి ముఖం వెలిగిపోయింది.

"నేను దేశదేశాల అధ్యయన బృందాలను చూశాను," అన్నారాయన లేచి. "వాళ్లంతా ఈ నవలను మొదటినుంచీ చివరిదాకా చదివే పొరపాటు చేశారు. మీరు ముక్కలు చేశారు. ఒకరి ముక్క ఇంకొకరికి తెలియనివ్వలేదు. ఏ ఇద్దరూ ఒకే నవల చదవలేదు. రచయితే ఇక్కడ ఉంటే మీ కాళ్లకు మొక్కేవాడు."

అప్పుడు పైనుంచి దబదబమని చప్పుడైంది.

"ఆకాశం కూడా చప్పట్లు కొడుతోంది," అన్నారు ప్రొఫెసరుగారు. ఆయనకు ట్యాంకు సంగతి తెలియదు. తెలిసినవాళ్లు ఉపన్యాసం వింటున్నారు.

కాసేపటికి ఆగిన నీళ్లు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి చుక్కలు కాదు, ధార. అధ్యక్షులవారు మారుమాట లేకుండా గొడుగు తెరిచారు. ప్రొఫెసరుగారి నెత్తి తడిసింది. ఆయన తుడుచుకోకుండా, నవలలో నీటి వాసనకూ ఈ నీటికీ ఉన్న బంధం గురించి ఒక పావుగంట మాట్లాడారు.

బాబాయి వంతు వచ్చింది. ఆయన పత్రం రాసుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడి, "నాకు తెలిసింది ఇంతే. ఒక మనిషి పైకెక్కాడు. నిచ్చెన తీసేశారు. అతను దిగాడా లేదా?" అన్నాడు.

వెనక బెంచీలన్నీ లేచి నిలబడ్డాయి. ముందు బెంచీలు ఇబ్బందిగా నవ్వాయి.

"చివరి పేజీ చదవండి," అంది పిన్ని వెనకనుంచి.

"చదవండి," అన్నాడు ఇస్త్రీ మరిదిగారు. "నాకు ఇంకా పన్నెండు చొక్కాలున్నాయి."

అధ్యక్షులవారు గొడుగు కిందనుంచి అటూ ఇటూ చూశారు. ఆయన ఆ ముక్క అటువైపు తిప్పనే లేదు. ఆ వైపున ఆటల వార్తలుంటాయన్న భయం ఆయనకు చేతుల్లో ఉండిపోయింది. ఇప్పుడు ముఖ్య అతిథి ఎదుట తప్పలేదు. గొడుగు డాక్టరుకు ఇచ్చి, చివరి పేజీ వెతికి, గొంతు సవరించుకుని చదివారు.

'చీకటి పడబోతోంది. కింద గదిలో ఎవరో పుస్తకం చదువుతున్న గొంతు అతనికి వినిపించింది. చాలామంది ఉన్నట్టున్నారు. అతను వంగి, నిచ్చెన ఎక్కడ అని అడిగాడు. వాళ్లు చదవడం ఆపలేదు.'

అంతే, అయిపోయింది. అధ్యక్షులవారు ముక్కను మూసి బల్ల మీద పెట్టారు.

అప్పుడు కప్పు పగుల్లోంచి ఒక గొంతు వచ్చింది. "అయ్యా, నిచ్చెన ఎక్కడండీ? పొద్దుణ్ణుంచీ అరుస్తున్నాను."

ఇక చప్పట్లు చూడాలి. ముందు బెంచీలు దద్దరిల్లిపోయాయి. ప్రొఫెసరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంత చిన్న వీధిలో ఇంత గొప్ప శబ్ద ప్రయోగం చేయగలిగినవాళ్లు ఉన్నారని తాను ఊహించలేదని, ఆ గొంతులో అలసట ఎంత సహజంగా పలికిందో గమనించమని సభను కోరారు. "అయ్యా, బాబూ, వినిపిస్తోందా?" అంది గొంతు. మళ్లీ చప్పట్లు.

పిన్ని భర్త చొక్కా పట్టుకుని లాగింది. "ఏమండీ, ఆ గొంతు మన ప్లంబరుదండీ."

బాబాయి ఆ మాట పూర్తిగా వినకముందే నడిచాడు. తిన్నగా వేదిక దగ్గరకు వెళ్లి నిచ్చెన మీద చెయ్యి వేశాడు.

"ఆగవయ్యా," అన్నారు అధ్యక్షులవారు. "బ్యానరు దానికే కట్టి ఉంది. ఇంకా వందన సమర్పణ కాలేదు."

"మనిషి పైనున్నాడండీ."

"ఉన్నాడు. నవల అంతా అదే కదా. ఇప్పుడు దించితే అధ్యయనానికి అర్థం ఏముంటుంది?"

"దాన్ని మీరు చూసుకోండి. నేను దించి వస్తాను," అన్నాడు బాబాయి.

నిచ్చెన కదిలింది. బ్యానరు వచ్చి అధ్యక్షులవారినీ ముఖ్య అతిథినీ కలిపి కప్పేసింది. ప్రొఫెసరుగారు దాని కిందనుంచే ప్రసంగం కొనసాగించారు. ఎక్కడా తడబడలేదు. తరువాత అడిగితే, బయట ఉన్నప్పటికీ లోపల ఉన్నప్పటికీ పెద్ద తేడా తెలియలేదన్నారు.

డాబా మీద బాబాయి నిచ్చెన వేసి రెండు చేతులా పట్టుకున్నాడు. ప్లంబరు తడి బట్టలతో, ఎండకు వాడిపోయిన ముఖంతో, ఒక్కొక్క మెట్టే దిగాడు. ఆఖరి మెట్టు మీదికి రాగానే బాబాయి అలవాటు కొద్దీ, "గ్రౌండ్ ఫ్లోర్" అన్నాడు. వెనకే డాబా ఎక్కి వచ్చిన పిన్నికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "పైప్ అప్పుడే బాగుచేసేశానమ్మా," అన్నాడు ప్లంబరు. "ఎవరూ పలక్కపోయేసరికి, నీళ్లు పడితేనైనా తల పైకెత్తుతారని మళ్లీ విప్పాను." ఎవరూ ఎత్తలేదని పిన్ని అతనికి చెప్పలేదు. చేయి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది.

పఠన మందిరానికి షీల్డు వచ్చింది. అవతలి వీధి వాళ్ల దానికన్నా జానెడు ఎత్తు. సదస్సు మధ్యలో నిచ్చెన తీసి నవల స్ఫూర్తికి భంగం కలిగించినందుకు లిఫ్ట్ బాబాయి మీద విచారం వ్యక్తం చేస్తూ తీర్మానం చేశారు. నెల పాటు ఆయనకు వాతావరణం షీటు ఇవ్వకూడదన్నారు. ఆ నెలంతా ఆయన డాబా ఎక్కి ఆకాశం చూసుకున్నాడు, చూసిన వెంటనే దిగాడు. సదస్సు మర్నాటి పేపరులో మొదటి పేజీలో 'పఠన మందిరంలో ఘనంగా సదస్సు, రోజంతా ట్యాంకు మీదే' అని వచ్చి, తరువాయి ఏడవ పేజీలో అన్నారు. అధ్యక్షులవారు సదస్సు ఘనంగా జరిగినందుకు సంతోషించారు. బ్రోకరు తన షీటులో ఎవరో ముసలాయన ఎవరినో కిందికి దించాడని చదివి, ఎక్కడో ఏమో పాపం, మంచి మనిషి అనుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని టీ తాగారు.

ఇప్పటికీ జనం లిఫ్ట్ పిన్నిని దారిలో ఆపి అడుగుతూనే ఉంటారు. "ఇంతకీ ఆ నవలలో మనిషి దిగాడా లేదా పిన్నీ?" మీరూ ఇందాకటినుంచీ అదే అడగబోతున్నారు, ముఖం చూస్తేనే తెలుస్తోంది. పొద్దుణ్ణుంచీ ఎండలో ఉన్న ఆ ప్లంబరు ఏమైనా తిన్నాడా అని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఫరవాలేదు. చదువుతూ ఉండండి.